తొలి నిమిషాన్ని చూడమన్న డాక్టరమ్మ

బిడ్డ పుట్టగానే కేస్ షీటులో ఓ అంకె వేస్తాం. పదికి ఎనిమిది, పదికి తొమ్మిది... ఆప్గార్ స్కోరు అంటారు దాన్ని. మీ ఇంట్లో బీరువా అడుగున పాత డిశ్చార్జి కాగితాలుంటే ఒకసారి తీసి చూడండి. ఏదో ఓ మూల ఆ అంకె కనబడవచ్చు.

కాన్పుల వార్డులో స్టాఫ్ నర్సుగా చేరిన కొత్తలో నేనూ రోజుకు ఎన్నిసార్లో ఆ అంకె వేసేదాన్ని. ఆప్గార్ అంటే ఏదో మిషను పేరనుకునేదాన్ని. లేదా ఆ మిషను తయారుచేసే కంపెనీ పేరేమో! పరీక్షల కోసం అయిదు అంశాలూ బట్టీపట్టాను గానీ, ఆ మాట వెనక ఓ మనిషి ఉందనీ, అందునా ఆడమనిషి అనీ తెలియడానికి చాలా ఏళ్ళు పట్టింది. తెలిశాక డాక్టర్ వర్జీనియా ఆప్గార్ గురించి దొరికినంతా చదివాను. చదవడానికి నాకో కారణం ఉంది.

1994 వానాకాలం. ఓ చిన్న ఊరి ఆస్పత్రి. నైట్ డ్యూటీలో ఉన్నాను. తోటి సిస్టరు సెలవు. డాక్టరుగారు ఇంకో కేసులో ఉన్నారు. మధ్యాహ్నం నుంచీ నొప్పులు పడుతున్న తొలిచూలు పిల్ల తెల్లవారుజామున 2.40కి ప్రసవించింది. మగబిడ్డ. నీలంగా ఉన్నాడు. కాళ్ళూ చేతులూ వేలాడేశాడు. ఏడవలేదు.

అప్పట్లో మాకు తెలిసిన వైద్యం ఏంటంటే తలకిందులుగా పట్టుకుని అరికాళ్ళ మీద కొట్టడం. అదే చేశాను. నోట్లో ఉమ్మనీరు లాగాను. గోడ గడియారం వంక చూస్తూ నిమిషం ఎప్పుడవుతుందా, స్కోరు ఎప్పుడు వేద్దామా అని నిలబడ్డాను. గుండె నెమ్మదిగా కొట్టుకుంటూనే ఉంది. ఊపిరి పట్టే అంబూ బ్యాగు ఎక్కడో పోతుందని అలమారాలో పెట్టి తాళం వేసి ఉంచేవాళ్ళు. ఆయా పరుగెత్తి తాళంచెవి తెచ్చేసరికి ఆరు నిమిషాలు దాటింది. బ్యాగు నొక్కాను. ఛాతీ లేవలేదు. ఎందుకు లేవలేదో నాకు తెలియలేదు. తెల్లవారకముందే ఆ బిడ్డ పోయాడు.

ఆ రాత్రి సంగతి ఇంకొంచెం ఉంది. ముందు ఆవిడ సంగతి చెప్పనివ్వండి.

పిల్లుల్ని పట్టిన చదువు

వర్జీనియా ఆప్గార్ 1909 జూన్ 7న అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రం వెస్ట్‌ఫీల్డ్‌లో పుట్టింది. ముగ్గురిలో చివరిది. పెద్దన్న చిన్నప్పుడే క్షయతో పోయాడు. రెండో అన్నకు ఎప్పుడూ వదలని చర్మవ్యాధి. జబ్బులూ డాక్టర్లూ ఆ ఇంటికి కొత్తకాదు. తండ్రి చార్లెస్ ఇన్సూరెన్సు కంపెనీ ఉద్యోగి. ఖాళీ దొరికితే ఇంట్లోనే చేసుకున్న టెలిస్కోపుతో చుక్కలు చూసేవాడు, వైర్‌లెస్ పెట్టెలు బిగించేవాడు. మొదటి ప్రపంచయుద్ధం రోజుల్లో, 1915లో, అమెరికా నుంచి జర్మనీకి రహస్యంగా వెళ్తున్న వైర్‌లెస్ కబుర్లను రికార్డు చేసి పట్టిచ్చింది ఆయనే. ఆ ఇంట్లో అందరికీ సంగీతం వచ్చు. వర్జీనియా వయొలిన్ నేర్చుకుంది.

డాక్టర్ని కావాలని ఆ పిల్ల హైస్కూలు దాటేసరికే నిర్ణయించుకుంది. డబ్బు లేదు. మౌంట్ హోలియోక్ అనే ఆడపిల్లల కాలేజీలో స్కాలర్‌షిప్పులతో చేరి, మిగతాది పనిచేసి సంపాదించుకుంది. ఆ పనుల్లో ఒకటి వింటే మీరు నవ్వుతారు. జువాలజీ లాబ్ కోసం వీధిపిల్లుల్ని పట్టి తేవడం! అంత పనిలోనూ ఆటల జట్లలో ఆడింది, కాలేజీ పత్రికకు రాసింది, ఆర్కెస్ట్రాలో వాయించింది. 1929లో డిగ్రీ చేతికొచ్చింది.

అదే యేడు న్యూయార్కులోని కొలంబియా యూనివర్సిటీ మెడికల్ కాలేజీలో చేరింది. క్లాసు మొత్తం 90 మందిలో ఆడపిల్లలు 9 మంది. చేరిన నెలకే అమెరికా షేరు మార్కెట్టు కూలి దేశమంతా అప్పులపాలైంది. ఈవిడా అప్పు చేసే చదివింది. 1933లో క్లాసులో నాలుగో స్థానంలో పాసై బయటికి వచ్చేసరికి నెత్తిమీద దాదాపు 4 వేల డాలర్ల బాకీ. ఆ రోజుల్లో అది మాటలు కాదు.

కత్తి వదిలి మత్తు పట్టింది

ఆవిడకు సర్జన్ కావాలని ఉండేది. సర్జరీలో శిక్షణకు చేరింది, చెయ్యి కూడా మంచిదే. అయితే అక్కడ సర్జరీ పెద్ద డాక్టర్ అలెన్ విపుల్ ఆమెను పిలిచి ఆ దారి వద్దని చెప్పాడు. తాను తయారుచేసిన ఆడ సర్జన్లు ఎంత నేర్చినా బతుకుతెరువు దొరక్క అవస్థపడుతున్నారనీ, ఈ కరువు రోజుల్లో ఆడ సర్జను దగ్గరికి రోగులు రారనీ ఆయన ఉద్దేశం. దాని బదులు మత్తు వైద్యం చదవమన్నాడు.

ఇప్పుడు మనకు ఆ మాట అన్యాయంగానే తోస్తుంది. ఆయన చూపిన దారిలో కూడా గౌరవమేమీ లేదు. అప్పట్లో అక్కడ మత్తు ఇచ్చేది ఎక్కువగా నర్సులే. డాక్టర్లు దాన్ని ఓ చదువుగా లెక్కవేసేవారు కాదు. వర్జీనియా ఏం చేసిందో తెలుసా? డాక్టరు డిగ్రీ చేతిలో పెట్టుకుని వెళ్ళి, నర్సుల పక్కన కూర్చుని వాళ్ళ దగ్గరే మత్తు ఇవ్వడం నేర్చుకుంది. నేను నర్సుని కదా, ఈ సంగతి చదివినప్పుడు ఆవిడ నాకు దగ్గరి మనిషి అయిపోయింది. తర్వాత విస్కాన్సిన్‌లో రాల్ఫ్ వాటర్స్ దగ్గరా, న్యూయార్కులో రోవెన్‌స్టీన్ దగ్గరా శిక్షణ పొందింది.

మాటలో మాట. మన హైదరాబాదుకూ మత్తు వైద్యానికీ పాత చుట్టరికమే ఉంది. క్లోరోఫామ్ గుండెకు ప్రమాదమా, ఊపిరికి ప్రమాదమా అని తేల్చడానికి 1888లోనూ 1889లోనూ రెండు కమిషన్లు పనిచేసింది ఇక్కడే. డాక్టర్ రూపాబాయి ఫర్దూన్‌జీ ఇక్కడే చదివి క్లోరోఫామ్ ఇవ్వడంలో పేరు తెచ్చుకున్నారు. ప్రపంచంలో మొట్టమొదటి మహిళా మత్తు డాక్టరు ఆవిడేనంటారు.

1938లో కొలంబియాకు తిరిగొచ్చిన ఆప్గార్‌కు మత్తు విభాగం అప్పగించారు. విభాగమంటే పేరు పెద్దది గానీ కొన్నేళ్ళపాటు అందులో ఉన్న డాక్టరు ఆవిడొక్కతే. మనుషులు లేరు. సర్జన్లు ఈవిడ మాట ఒక పట్టాన వినరు. పదేళ్ళకు పైగా కష్టపడి ఆ విభాగాన్ని నిలబెట్టింది. 1949లో ఆ మెడికల్ కాలేజీలో పూర్తిస్థాయి ప్రొఫెసరైన తొలి మహిళ అయింది. కానీ అదే సమయంలో మత్తు విభాగాన్ని పెద్ద డిపార్టుమెంటుగా మార్చి, దానికి అధిపతిగా మాత్రం వేరే డాక్టర్ని, ఓ మగవాణ్ణి కూర్చోబెట్టారు. ఇల్లు కట్టింది ఒకరు, గృహప్రవేశం ఇంకొకరిది!

మరో మనిషైతే ఆ కోపంతోనే సగం జీవితం గడిపేసేది. ఆవిడ కాన్పుల వార్డుకు వెళ్ళిపోయింది.

శవాగారంలో ఒక రాత్రి

అక్కడికి పోయేముందు ఇంకో సంగతి చెప్పాలి. ఇది ఆవిడతో కలిసి పనిచేసినవాళ్ళు తర్వాత గుర్తుచేసుకున్నది.

సర్జరీ నేర్చుకుంటున్న రోజుల్లో ఓ ఆపరేషన్ తర్వాత రోగి చనిపోయాడు. తాను పొరపాటున ఓ చిన్న రక్తనాళానికి క్లాంపు పెట్టానేమోనని వర్జీనియాకు అనుమానం. పోస్టుమార్టంకు అనుమతి రాలేదు. ఇంకెవరికీ అనుమానం లేదు, అడిగేవాళ్ళూ లేరు. అక్కడితో మర్చిపోవచ్చు. ఆవిడ మర్చిపోలేదు. రహస్యంగా శవాగారానికి వెళ్ళి, కుట్లు విప్పి చూసింది. ఆ నాళం మూసుకునే ఉంది. వెంటనే వెళ్ళి సర్జనుకు తన తప్పు తానే చెప్పింది.

ఈ సంగతి చదివిన రోజున నేను పుస్తకం మూసేసి చాలాసేపు అలాగే కూర్చున్నాను.

ఎందుకంటే ఆ రాత్రి నేను కేస్ షీటులో అబద్ధం రాశాను. బ్యాగు పట్టింది ఆరు నిమిషాల తర్వాతైతే, 2.41కి పట్టినట్టు రాశాను. ఎవరూ అడగలేదు. కాగితం మీద అంతా సక్రమంగానే ఉంది. తెల్లవారాక ఆ తల్లి నన్ను అడిగింది ఒక్కటే. బిడ్డ ఒక్కసారైనా ఏడ్చాడా అని. ఏడ్చాడమ్మా, ఒకసారి ఏడ్చాడు అని చెప్పాను. ఆ పిల్ల ఆ మాటే పట్టుకుని ఏడ్చింది.

రెండో అబద్ధానికి నన్ను నేను క్షమించుకున్నాను. మొదటిదానికి కాదు. అసలు సమయం రాసి ఉంటే బ్యాగుకు తాళమెందుకు వేశారని ఎవరో ఒకరు అడిగేవారు. నేను రాయలేదు కాబట్టి తాళం అలాగే ఉంది. నేను అక్కణ్ణుంచి బదిలీ అయ్యేదాకా ఉంది.

కార్డు ముక్క మీద అయిదు మాటలు

ఆప్గార్ కాన్పుల వార్డుకు వచ్చేసరికి అక్కడ అందరి చూపూ తల్లి మీదే. అది అవసరమే. అయితే బిడ్డ పుట్టగానే ఓ గుడ్డలో చుట్టి పక్కన పెట్టేవాళ్ళు. ఏడిస్తే సరే. ఏడవకపోతే ఎప్పుడు చూడాలి, ఏం చూడాలి, ఎవరు చూడాలి అన్నదానికి ఓ పద్ధతంటూ లేదు. ఒక్కో డాక్టరుది ఒక్కో తీరు. కొంచెం సాయం చేస్తే బతికే పిల్లలు కూడా ఎవరి కంటా పడకుండానే పోయేవారు.

1949లో ఓ ఉదయం ఆస్పత్రి క్యాంటీనులో టిఫిన్ దగ్గర ఓ మెడికల్ విద్యార్థి, పుట్టిన బిడ్డ పరిస్థితి ఎలా అంచనా వేయాలని ఆవిణ్ణి అడిగాడట. అదెంత పని అని, తిన్న ట్రేలు తీసి పెట్టమని రాసి ఉన్న కార్డు ముక్క అందుకుని దాని మీద అయిదు అంశాలు రాసింది. రాసి, వెంటనే కాన్పుల గదికి వెళ్ళి అవి పనికొస్తాయో లేదో చూడటం మొదలుపెట్టింది.

అవేంటంటే గుండె ఎంత వేగంగా కొట్టుకుంటోంది, ఊపిరి ఎలా తీసుకుంటోంది, గిల్లినా తట్టినా ఎలా స్పందిస్తోంది, కండరాల్లో బిగువు ఉందా, ఒంటి రంగు ఎలా ఉంది. ఒక్కోదానికి సున్నా, ఒకటి, రెండు మార్కులు. గుండె నిమిషానికి వంద దాటితే రెండు, తగ్గితే ఒకటి, లేకపోతే సున్నా. అన్నీ కలిపితే పది. దీనికి ఏ యంత్రమూ అక్కర్లేదు. కన్నూ చెవీ చెయ్యీ చాలు. 1952లో ఈ పద్ధతిని డాక్టర్ల సభలో చెప్పింది. 1953లో పత్రికలో అచ్చయింది. ముందు ఒక నిమిషానికి చూసేవారు, తర్వాత అయిదో నిమిషానికి కూడా చూడటం వాడుకలోకి వచ్చింది. 1960ల మొదట్లో డెన్వర్‌లో ఓ పిల్లల డాక్టరు ఆవిడ ఇంటిపేరులోని అయిదు ఇంగ్లీషు అక్షరాలకూ ఈ అయిదు అంశాలనూ సరిగ్గా జతకూర్చాడు. ఇంకేముంది, విద్యార్థులందరికీ నోటికొచ్చేసింది. ఆ జత ఎంత బాగా కుదిరిందంటే, అది మనిషి పేరన్న సంగతే జనం మర్చిపోయారు.

ఆవిడ పెట్టిన ఓ నియమం మాత్రం నాకు బాగా నచ్చింది. కాన్పు చేసినవాళ్ళు స్కోరు వేయకూడదంది. పక్కన ఇంకొకరు ఉండి వేయాలి. తన చేతిలో పుట్టిన బిడ్డకు ఎవరైనా మార్కులు ఎక్కువే వేసుకుంటారని ఆవిడకు తెలుసు. 2.41 అని రాసిన నాకూ తెలుసు!

ఇక్కడ తల్లులకు ఓ మాట. మా మనవడికి తొమ్మిదే వేశారేమని నన్ను నిలదీసిన నాయనమ్మలున్నారు. అది పరీక్ష మార్కు కాదండీ. మొదటి నిమిషంలో అరచేతులూ అరికాళ్ళూ కాస్త నీలంగా ఉండటం మామూలే కాబట్టి పదికి పది రావడమే అరుదు. ఆ అంకెకూ బిడ్డ తెలివితేటలకూ సంబంధం లేదు.

ఇష్టమైన మందునే వదిలేసింది

స్కోరు వేయడం మొదలయ్యాక కొత్త ప్రశ్నలు పుట్టాయి. కొందరు పిల్లలకు తక్కువ ఎందుకొస్తోంది? డాక్టర్ హాలడే, డాక్టర్ స్టాన్లీ జేమ్స్‌లతో కలిసి పసికందుల రక్తం పరీక్షించడం మొదలుపెట్టింది. సైక్లోప్రొపేన్ అనే మత్తువాయువు తల్లికి ఇస్తే బిడ్డలు మందకొడిగా పుడుతున్నారని తేలింది. ఆవిడకు అన్నిటికన్నా ఇష్టమైన మత్తు అదే! అయినా లెక్కలు చూశాక కాన్పుల్లో దాన్ని వాడటం మానేసింది. తర్వాత అమెరికాలోని 12 ఆస్పత్రుల్లో 17 వేలకు పైగా పిల్లల్ని చూసి, అయిదో నిమిషం స్కోరుకూ బిడ్డ బతకడానికీ సంబంధం ఉందని నిర్ధారించారు.

ఆవిడ హ్యాండ్‌బ్యాగులో ఎప్పుడూ ఓ చిన్న చాకూ, శ్వాసనాళంలో వేసే గొట్టమూ ఉండేవి. దారిలో ఎక్కడ ఎవరికి ఊపిరి ఆగినా అక్కడికక్కడే చూడటానికి. తన కళ్ళెదుట ఎవరూ ఊపిరి ఆగి పోకూడదన్నది ఆవిడ పట్టుదల. పాఠం చెప్పడానికి పెద్ద సరంజామా ఏమీ ఉండేది కాదు. అరిగిపోయిన పాత కటి ఎముక ఒకటి. అది చాలకపోతే కాస్త వంకరగా ఉన్న తన వెన్ను చివరి ఎముకనే విద్యార్థుల చేత తడిమించి చూపించేదట. ఏమాత్రం బిడియపడేది కాదు.

మా బొమ్మ నేర్పే పాఠం

ఇప్పుడు మాకు బొమ్మలున్నాయి. 1960లో నార్వేలో ఆస్‌మండ్ లేర్డాల్ అనే ఆటబొమ్మల తయారీదారు ఊపిరి పోయడం నేర్పే పెద్ద బొమ్మను తయారుచేశాడు. తర్వాత పసికందు బొమ్మలూ వచ్చాయి. మన దేశంలో 2009లో నవజాత శిశు సురక్ష కార్యక్రమం మొదలయ్యాక వేలాది నర్సులు, ఏఎన్‌ఎమ్‌లు ఈ బొమ్మల మీదే నేర్చుకున్నారు. రిటైరయ్యాక నేనూ ఈ క్లాసులకు వెళ్తున్నాను. నీళ్ళు నింపితే అసలు బిడ్డంత బరువుండే బొమ్మ. గొట్టం చివరి బుడగ నొక్కితే బొడ్డుతాడులో నాడి కొట్టుకుంటుంది. సరిగ్గా గాలి పడితే ఛాతీ లేస్తుంది.

బల్ల మీద మూడు వస్తువులు పెడతాను. ఒకటి మొహానికి పెట్టే మాస్కు, బ్యాగూ. రెండోది గొంతులో కూర్చునే చిన్న మాస్కు. మూడోది స్వరపేటిక గుండా శ్వాసనాళంలోకి వేసే గొట్టం. మూడింటితోనూ చేసి చూడమంటాను, గడియారం పెట్టి.

కుర్రపిల్లలంతా మొదట గొట్టం మీదికే పోతారు. పెద్ద డాక్టరు పనిలా ఉంటుంది కదా. లారింగోస్కోపు పట్టుకుని వంగుతారు. సగంమంది గొట్టాన్ని అన్నవాహికలోకి దించుతారు. పొట్ట లేస్తుంది, ఛాతీ లేవదు. దానికి చాలా సాధన కావాలి. గొంతు మాస్కుకు లారింగోస్కోపు అక్కర్లేదు. కాస్త నేర్పితే ఎవరైనా సులువుగా దించేస్తారు. ఇక మొహం మాస్కు. చూడటానికి ఏముంది అనిపిస్తుంది. కానీ పక్కనుంచి గాలి కారుతుంది. మెడ ముందుకు వంగినా, మరీ వెనక్కి వాలినా దారి మూసుకుపోతుంది.

నా బిడ్డకు ఆ రాత్రి ఛాతీ ఎందుకు లేవలేదో నాకు ఈ బొమ్మ దగ్గరే తెలిసింది. తల వెనక మడత గుడ్డ ఎత్తుగా పెట్టి మెడ ముందుకు వంచేశాను. గాలి వెళ్ళే దారిని నేనే మూశాను. వాసన చూడటానికి మొహం కాస్త పైకెత్తినట్టు మెడ ఉండాలి. భుజాల కింద పల్చటి మడత చాలు. మాస్కు నోటినీ ముక్కునూ కప్పాలి, కళ్ళమీదికి పోకూడదు. నిమిషానికి 40 నుంచి 60 సార్లు నొక్కాలి. ఛాతీ లేస్తోందా అన్నది ప్రతిసారీ చూడాలి. నెలలు నిండిన బిడ్డకు ముందు మామూలు గాలి చాలు.

బొమ్మ చెప్పనిది కూడా ఉంది. బొమ్మకు జిగురు ఉండదు, నురగ ఉండదు, పక్కన తల్లి ఉండదు. ఉగాండా రాజధాని కంపాలాలోని ములాగో ఆస్పత్రిలో మిడ్‌వైఫ్‌లకు శిక్షణ ఇచ్చి, ఊపిరి తీసుకోని పసికందుల్లో కొందరికి మొహం మాస్కు, కొందరికి గొంతు మాస్కు వాడి పోల్చిచూశారు. వెయ్యిమందికి పైగా పిల్లలు. 2020లో ఫలితం వచ్చింది. గొంతు మాస్కును మిడ్‌వైఫ్‌లు క్షేమంగానే వాడగలిగారు. కానీ తొలివారంలో పోయినవాళ్ళూ, మెదడు దెబ్బతిన్నవాళ్ళూ రెండు వైపులా దాదాపు ఒకేలా ఉన్నారు. అంటే గొంతు మాస్కు పనికిరాదని కాదు. మొహం మాస్కుతో ఛాతీ లేవనప్పుడు అది ఆదుకుంటుంది. అయితే మంచి వస్తువు కొంటే సరిపోదు. చేతిలో ఉన్నదాన్ని వెంటనే, సరిగ్గా వాడటం రావాలి.

నూటికి 85 మంది పిల్లలు తమంతట తామే ఊపిరి అందుకుంటారు. మరో పదిమందికి పొడిగా తుడిచి, వీపు రుద్దితే చాలు. బ్యాగుతో గాలి పట్టాల్సింది సుమారు అయిదుగురికి. గొట్టం దాకా వెళ్ళేది ఇద్దరికి. ఆ అయిదుగురికీ మొదటి నిమిషంలోనే గాలి అందాలి. స్కోరు కోసం నిమిషం ఆగకూడదు. ముందు ఊపిరి, తర్వాత అంకె. ఆ రాత్రి నేను అంకె కోసం బిడ్డను ఆపాను. ఆప్గారమ్మ కోరింది దీనికి సరిగ్గా ఎదురు. ఎవరో ఒకరు బిడ్డను చూడాలనే ఆవిడ ఆ అంకె పెట్టింది.

టెలిఫోన్ పెట్టెలోని చెక్క

యాభైయ్యేళ్ళకు దగ్గరవుతుండగా ఆవిడ మళ్ళీ విద్యార్థిని అయింది. జాన్స్ హాప్కిన్స్‌లో ప్రజారోగ్యం చదివింది. 1959లో మార్చ్ ఆఫ్ డైమ్స్ సంస్థలో చేరింది. పోలియో మీద పోరాటానికి పుట్టిన ఆ సంస్థ, 1955లో పోలియో టీకా వచ్చాక పుట్టుకతో వచ్చే లోపాల మీదికి దృష్టి మళ్ళించింది. ఆ పని ఈవిడ చేతిలో పెట్టారు. ఊరూరా తిరిగి, ఎవరూ బయటికి చెప్పుకోని ఆ సంగతుల్ని తల్లిదండ్రులతో ధైర్యంగా మాట్లాడించింది. 1964-65లో అమెరికాలో రుబెల్లా ప్రబలి వేలాది పిల్లలు లోపాలతో పుట్టినప్పుడు టీకా అవసరమని గట్టిగా చెప్పింది. తల్లిదండ్రుల కోసం 1972లో మరొకరితో కలిసి ఓ పుస్తకం రాసింది.

పెళ్ళి చేసుకోలేదు. వంట వచ్చిన మగవాడు దొరకలేదని నవ్వేసేదట! 1969లో తల్లి పోయేదాకా ఇద్దరూ కలిసే ఉన్నారు. తోటపని, చేపలు పట్టడం, స్టాంపులు పోగుచేయడం అన్నీ ఇష్టమే. పెద్దవయసులో విమానం నడపడం కూడా నేర్చుకోబోయింది. వాయించడమే కాదు, వాయిద్యాలు చేయడమూ నేర్చుకుంది. నేర్పింది కార్లీన్ హచిన్స్ అనే టీచరు. ఆపరేషన్‌కు వచ్చినప్పుడు పరిచయమైన మనిషి. ఆస్పత్రి టెలిఫోన్ పెట్టెలోని అరచెక్క వయోలా వీపుకు సరిగ్గా సరిపోతుందని కార్లీన్ కనిపెట్టింది. ఆస్పత్రివాళ్ళు ఇవ్వమన్నారు. ఇంకేం, 1957లో ఓ రాత్రి ఇద్దరూ అదే కొలతలతో ఇంకో చెక్క పట్టుకుపోయి, గుట్టుగా దాన్ని మార్చేసి తెచ్చుకున్నారు. శవాగారంలో తన తప్పు వెతుక్కున్న మనిషే ఈ దొంగతనమూ చేసిందంటే నాకు భలే ముచ్చటేసింది.

1974 ఆగస్టు 7న, 65వ యేట, తాను చదివి పనిచేసిన ఆస్పత్రిలోనే ఆవిడ కన్నుమూసింది. 1994లో అమెరికా తపాలాశాఖ ఆవిడ బొమ్మతో 20 సెంట్ల స్టాంపు వేసింది. ఆ రోజు సభలో ఆవిడ తన చేత్తో చేసిన వాయిద్యాలను డాక్టర్లే వాయించారు. స్టాంపులు పోగుచేసుకున్న మనిషి స్టాంపైంది. అదే యేడు ఇక్కడ నేను ఓ కేస్ షీటులో ఆవిడ పేరు పక్కన రెండు అని అంకె వేసి, పక్క గడిలో అబద్ధం రాశాను.

కాన్పుకు వెళ్ళబోతున్న వాళ్ళకూ, కూతుళ్ళను తీసుకెళ్ళే తల్లులకూ నాదొక మాట. ఆస్పత్రిలో గది ఎంత, ఏసీ ఉందా అని అడుగుతాం. దాంతోపాటు ఇంకోటి అడగండి. కాన్పు సమయంలో బిడ్డను మాత్రమే చూసుకోవడానికి శిక్షణ ఉన్న మనిషి ఒకరుంటారా, బ్యాగూ మాస్కూ బల్ల మీదే సిద్ధంగా ఉంటాయా అని. అడగడానికి మొహమాటపడకండి.

ప్రతి క్లాసు చివరా నేను ఆ రాత్రి సంగతి పిల్లలకు చెబుతాను. తాళం సంగతీ, 2.41 సంగతీ దాచకుండా చెబుతాను. మొదట్లో నోరు పెగిలేది కాదు. గదంతా నిశ్శబ్దమైపోతుంది. పోయిన నెల ఓ కొత్త ఏఎన్‌ఎమ్ అది విని లేచి, మళ్ళీ ఒకసారి చేస్తానమ్మా అని బొమ్మ దగ్గరికి వచ్చింది. భుజాల కింద గుడ్డ సర్ది, మాస్కు పెట్టి నొక్కింది. ఛాతీ లేచింది. పక్కనున్న పిల్ల గడియారం చూసి సమయం రాసుకుంది. ఎంతయితే అంతే రాసింది.